ఇస్త్రీ చొక్కా చేసిన నేరం

"మా ఆఫీసులో బట్టల గురించి రూల్సేమీ లేవు. నీకు ఇష్టమొచ్చింది వేసుకుని రా" అని చేరిన మొదటి రోజే చెప్పాడు టీమ్ లీడర్. అప్పుడు ఆయన ఒంటి మీద మెడ సాగిపోయిన టీషర్టు ఉంది, మోకాళ్ళ దాకా నిక్కరు ఉంది, కాళ్ళకు బాత్రూముకి వేసుకెళ్ళేలాంటి చెప్పులున్నాయి. మనవాడు ఆ మాట అక్షరాలా నమ్మాడు. అతని కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

ఎందుకంటే ఇష్టమొచ్చింది వేసుకోమనే చోట కూడా రూలు ఉంటుంది. అది గోడ మీద రాసి ఉండదు, చేరేటప్పుడు ఇచ్చే కాగితాల్లో ఉండదు, అడిగితే ఎవరూ ఒప్పుకోరు. దాన్ని తప్పినవాడికి మాత్రం శిక్ష పడుతుంది. రాసి పెట్టిన రూలైతే కనీసం చదువుకుని జాగ్రత్తపడచ్చు. ఈ రాయని రూళ్ళు పెట్టేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది.

ఈ ఆఫీసుకి రాకముందు మనవాడు పార్సిళ్ళ గోదాములో పనిచేశాడు. పెట్టెలు దించడం, లెక్క చూడడం, మళ్ళీ ఎక్కించడం. అక్కడ కంపెనీ పేరు వీపు మీద అచ్చేసిన బూడిదరంగు చొక్కా ఇచ్చేవాళ్ళు. అందరికీ ఒకటే సైజు. మనవాడు బక్కపలచని మనిషి కాబట్టి ఆ చొక్కా భుజం కుట్టు అతని మోచేతి పైకి జారిపోయేది. అద్దంలో చూసుకుంటే ఎవరో విప్పి పారేసిన చొక్కాని వంకీకి తగిలించినట్టుండేది. పని అయ్యాక సాయంత్రాలు కంప్యూటర్ నేర్చుకుంటూ, ఆ చొక్కాలోనే క్లాసులో వెనక బెంచీలో కూర్చునేవాడు. కూర్చుని చేసే ఉద్యోగం రానీ, నా ఒంటికి కొలతలు తీసి కుట్టిన చొక్కా వేసుకుంటాను, అనుకునేవాడు. పెద్ద కోరికేం కాదు. బంగళా అడగలేదు, కారు అడగలేదు.

ఉద్యోగం వచ్చింది. గోదాముల్లో సరుకు లెక్క చూసుకునేందుకు ఫోనులో వాడే ప్రోగ్రాము తయారుచేసే ఆఫీసు అది. గోదాము పని తెలిసినవాడని ప్రొబేషన్ మీద తీసుకున్నారు. మొదటి జీతం రాగానే వీధి చివర టైలరు దగ్గర చొక్కాలు కుట్టించుకున్నాడు. ఒకటి లేత నీలం, ఒకటి తెలుపు, ఒకటి సన్న గీతలది. భుజం కుట్టు భుజం మీదే ఆగింది. కాలరు మెడను పట్టీపట్టనట్టు పట్టింది. ముదురు రంగు ప్యాంటు, గోధుమరంగు తోలు బూట్లు, దానికి తగిన బెల్టు. టై కట్టలేదు, కోటు తొడగలేదు. చేతులు మోచేతి కింద దాకా నీటుగా మడిచి, పై గుండీ వదిలేసి, హాయిగా ఉండేవాడు. చూసినవాళ్ళకి చల్లగా అనిపించే వేషం అది. ఎవరినీ బెదిరించేది కాదు.

అక్కాబావల ఇంట్లో ఉంటాడతను. పొద్దున్నే భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి ఇస్త్రీ చేసుకుంటుంటే బావకి ఫలహారం పెట్టుకునే చోటుండేది కాదు.

"దొరగారి చొక్కా పూర్తయితే మేం నాలుగు మెతుకులు తింటాం" అనేవాడు బావ, వ్యాను తాళాలు వేలికి తిప్పుకుంటూ.

"నువ్వు ఒక్క రోజైనా కాలరు తిన్నగా వేసుకున్నావా? వాణ్ణి అనకు" అనేది అక్క. తమ్ముణ్ణి గుమ్మం దాకా వచ్చి చూసేది. చూస్తున్నట్టు కనపడకుండా చూసేది.

ఆ నీలం చొక్కాతో మొదటిసారి ఆఫీసులో అడుగుపెట్టగానే పక్క సీటువాడు తలెత్తి, "ఏంటి బాసూ, ఇవాళ ఇంటర్వ్యూ ఉందా?" అన్నాడు. అందరూ నవ్వారు. మనవాడూ నవ్వాడు. రెండో రోజు ఇంకొకడు అదే అడిగాడు. ఇంకో వారానికి అతని పేరే ఇంటర్వ్యూ అయింది. "ఇంటర్వ్యూ, ఆ ఫైలు పంపు." "ఇంటర్వ్యూ, టీ తాగుదాం రా." సరే, పేరే కదా అని ఊరుకున్నాడు. జోకు ఒకసారి నవ్వు తెప్పిస్తుంది, రెండోసారి చిరాకు తెప్పిస్తుంది. రోజూ చెప్పుకుంటూ పోతే మాత్రం చెప్పేవాళ్ళకే నిజమని తోచడం మొదలవుతుంది. ఇక్కడ జరిగింది అదే.

అలాంటి ఆఫీసుల్లో ఒక అలవాటుంది. రోజూ నలిగిన టీషర్టులో వచ్చేవాడు ఒకనాడు గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడంటే, మధ్యాహ్నం ఇంకో కంపెనీలో ఉద్యోగానికి మాట్లాడి వస్తాడని అర్థం. తలనొప్పి అంటాడు, సగం రోజు సెలవు పెడతాడు, నెల తిరగకుండా రాజీనామా ఇస్తాడు. అందరూ చేసిందే కాబట్టి అందరికీ తెలుసు. ఒక్కరోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నవాడే వెళ్ళిపోతే, రోజూ వేసుకునేవాడు ఎన్ని చోట్లకి తిరుగుతున్నాడో అని వాళ్ళ లెక్క. అతనికి ఇస్త్రీ చొక్కాలంటే ఇష్టమేమో అని ఆ తెలివైన బుర్రల్లో ఒక్కదానికీ తట్టలేదు.

అక్క ఫోను చేస్తే నలుగురికీ ఇబ్బందని వరండాలోకి వెళ్ళి మాట్లాడేవాడు. లోపల ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. ఒకరోజు పన్ను నొప్పికి సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. బుగ్గ వాచి తిరిగొస్తే, "ఎలా జరిగింది?" అని కన్నుగీటాడు పక్క సీటువాడు. "పీకేశారు" అన్నాడు మనవాడు నోరు పెగలక. "పోనీలే, ఇంకోటి చూసుకోవచ్చు" అని భుజం తట్టాడు వాడు. హెచ్చార్ మేడమ్ ఒకసారి పిలిచి కూర్చోబెట్టి, గొంతులో తేనె పోసుకుని, "నీకిక్కడ బానే ఉందా? ఏదైనా ఇబ్బందుంటే మొహమాటపడకు" అంది. ఎంత మంచి మనుషులో అనుకున్నాడు అమాయకుడు. అప్పటికే ఆవిడ అతని స్థానంలోకి మనిషిని వెతుకుతోంది.

ఈలోగా ఒక పెద్ద గోదాము వాళ్ళు ఆ ప్రోగ్రాము కొన్నారు. అక్కడి పనివాళ్ళ మధ్య కొన్ని నెలలు కూర్చుని అది వాడడం నేర్పే మనిషి కావాలి. ఆ పని దక్కినవాడికి ఉద్యోగం ఖాయం చేస్తారు. మనవాడికి ఆ సంగతి తెలిసినప్పటి నుంచి కాలు నిలవలేదు. ఉద్యోగం ఖాయం కావడం ఒక్కటే కాదు. గోదాములో మనిషి ఎక్కడ తికమకపడతాడో, ఏ మాట ఎలా చెబితే అర్థమవుతుందో ఆఫీసు మొత్తమ్మీద అతనొక్కడికే తెలుసు. ఇది నా పని, అనుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఒక పనిని చూసి అలా అనుకున్నాడు. అక్కతో కూడా చెప్పేశాడు.

అందరూ కూర్చున్న మీటింగులో టీమ్ లీడర్ ఆ పనిని పక్క సీటువాడికి ఇచ్చాడు. వాడు జన్మలో గోదాము గడప తొక్కలేదు. దుమ్ము పడదని ఆ మీటింగులోనే గొణిగాడు కూడా.

మనవాడు మీటింగు అయ్యాక టీమ్ లీడర్ వెనకే గాజు గదిలోకి వెళ్ళాడు. ఆ ఆఫీసులో సారూ గీరూ అనకూడదు, పేరు పెట్టి పిలవాలి. మనవాడికి పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవడానికి నోరు రాదు. అందుకని ఏ పిలుపూ లేకుండానే మొదలుపెట్టాడు.

"ఆ గోదాము పని నాకిస్తారనుకున్నానండీ."

"చూడు, నాకు నీ మీద కోపమేం లేదు" అన్నాడు టీమ్ లీడర్, కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని. "ఎవరి దారి వాళ్ళు చూసుకుంటారు. కానీ వెళ్ళిపోయేవాడికి అంత పొడుగాటి పని ఎలా ఇస్తాం?"

"ఎవరు వెళ్ళిపోతున్నారు?"

"నువ్వే."

"నేనెక్కడికి వెళ్తున్నానండీ?"

"అది నువ్వు చెప్పాలి. రోజూ ఈ ముస్తాబు మా కోసం అని చెప్పకు. ఇక్కడ ఎవరి కోసం వేసుకుంటావు ఇవన్నీ?"

మనవాడు తన చొక్కా వంక చూసుకున్నాడు. తప్పు చేసినవాడికి సమాధానం దొరుకుతుంది. చేయనివాడికే నోరు పడిపోతుంది. "నేనెక్కడికీ వెళ్ళట్లేదండీ, ఇవి నాకిష్టమని వేసుకుంటున్నాను" అన్నాడు చివరికి. టీమ్ లీడర్ నమ్మనివాడు నవ్వే నవ్వు నవ్వాడు.

ఆ సాయంత్రం సంగతి విన్న అక్క వండుతున్న గిన్నె దించి పక్కన పెట్టేసింది. "శుభ్రంగా వెళ్తే నేరమా? నువ్వేమన్నా వాళ్ళింట్లో దొంగతనానికి వెళ్ళావా? రేపు నేనొచ్చి అడుగుతాను" అంది. చెప్పిందంటే చేసే మనిషే.

బావ మాత్రం నెమ్మదిగా, "నీకు ఆ పని కావాలా, చొక్కా కావాలా?" అని అడిగాడు.

"పనే కావాలి బావా."

"అయితే వాళ్ళలాగే వెళ్ళు. నాలుగు రోజులు. పని చేతికొచ్చాక నీ ఇష్టం."

అక్క మొహం తిప్పుకుంది. మనవాడు ఆ రాత్రి మంచం మీద అటూ ఇటూ దొర్లి, మర్నాడు బజారుకి వెళ్ళాడు.

కొత్త ప్యాంటుకి మిషను పెట్టి మోకాళ్ళు చించి అమ్ముతున్నారు. చినగనిదానికంటే చినిగినదానికే ధర ఎక్కువ. ఒళ్ళు వంచి పనిచేసి మోకాలు చింపుకున్నవాడు దాన్ని దాచుకోవడానికి నానా తంటాలు పడతాడు. ఏ పనీ చేయని మోకాలికి మాత్రం చిరుగు కొని తగిలించాలట. టీషర్టుకి లోపల ఇస్త్రీ చేయవద్దని గుర్తు వేసి మరీ ఉంది. అవి తొడుక్కుని అద్దం ముందు నిలబడితే భుజం కుట్టు మళ్ళీ మోచేతి పైకి జారింది. అదే వదులుగా వేసుకునే ఫ్యాషను అని చెప్పాడు షాపువాడు. మనవాడు కుట్టుని భుజం మీదికి లాక్కున్నాడు, అది మళ్ళీ జారింది. అయినా కొన్నాడు.

ఆఫీసులో చప్పట్లు కొట్టారు. "ఇప్పుడు మనవాడివయ్యావు" అన్నాడు పక్క సీటువాడు. ఇన్నాళ్ళూ వేళకి వచ్చి, చెప్పిన పని చెప్పినట్టు చేసి, ఎవరితోనూ మాట పడకుండా ఉంటే మనవాడు కాలేదు. మోకాలు కనపడేసరికి అయ్యాడు. ఇంటర్వ్యూ అన్న పేరు వారం తిరక్కుండా మాయమైంది. పక్క సీటువాడు దుమ్ముకి తుమ్ములొస్తున్నాయని గోదాము పని వదిలించుకునే దారి వెతుకుతున్నాడు. టీమ్ లీడర్ మనవాణ్ణి పిలిచి, "నువ్వు ఇక్కడ కుదురుకున్నావని ఇప్పుడు నమ్మకం కుదిరింది. గోదాముకి నువ్వే వెళ్ళు. ఇలాగే వెళ్ళు, మన ఆఫీసు ఎంత సరదాగా ఉంటుందో వాళ్ళకీ తెలియాలి" అన్నాడు.

పని చేతికొచ్చింది. సంతోషించాల్సిన సమయం. మనవాడు సంతోషించాడు కూడా. అక్కకి అప్పటికప్పుడే ఫోను చేసి చెప్పాడు.

గోదాము లోపల ఉక్కపోత. బారులు తీరిన బల్లల దగ్గర ఆడవాళ్ళూ మగవాళ్ళూ నిలబడి ఉన్నారు. అందరికీ మెడ దాకా గుండీలు పెట్టిన ముదురు రంగు కోట్లు, నెత్తిన టోపీలు, కాళ్ళకు మూసిన బూట్లు. సరుకు లెక్క చూసే పెద్దావిడ ముందు వరసలో ఉంది. మనవాడు ఫోను చేతిలో పట్టుకుని ఉత్సాహంగా మొదలుపెట్టాడు. ఇక్కడ నొక్కితే ఇది వస్తుంది, పొరపాటున రెండుసార్లు నొక్కితే భయపడక్కర్లేదు, ఇలా వెనక్కి తీసుకోవచ్చు. ఎన్నాళ్ళుగానో మనసులో కూర్చుకున్న మాటలన్నీ చెప్పాడు. వాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఒక్కరూ ఏదీ అడగలేదు. గోడకి చెప్పినట్టుంది. ఫోను అందిస్తే పుచ్చుకున్నారు, తిరిగి ఇచ్చేశారు.

"అర్థం కాలేదా? మళ్ళీ చెప్పనా పెద్దమ్మా?" అన్నాడు చివరికి.

పెద్దావిడ అతని మోకాళ్ళ వంక చూసింది. తర్వాత మొహం వంక చూసింది.

"నువ్వు చెప్పేది మంచిదే అయ్యుంటుంది బాబూ. పొద్దున ఒక పిల్లకి కోటు గుండీ ఊడిందని లోపలికి రానివ్వలేదు మా పైవాళ్ళు. పోయి కుట్టించుకు రమ్మన్నారు. మేం ఈ వేడిలో మెడ దాకా బిగించుకుని నిలబడ్డాం. నువ్వేమో ఇంట్లో పడుకున్న బట్టలతో వచ్చేశావు. పెద్దవాళ్ళ దగ్గరికైతే ఇలాగే వెళ్తావా? మా దగ్గరికే కదా అనుకున్నావు."

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. మనవాడికి తల కొట్టేసినట్టయింది. నేనూ మీలాంటివాణ్ణే అమ్మా, కంపెనీ ఇచ్చిన చొక్కాలోనే పెట్టెలు మోశాను, అని చెబుదామనుకున్నాడు. ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? ఆ చిరుగుల ప్యాంటు చూశాక ఎవరు నమ్ముతారు? "రేపొస్తానమ్మా" అని బయటపడ్డాడు.

దారి పొడుగునా తన మీద తనకే కోపం. కాసేపటికి ఆ కోపం తిరగాల్సిన వైపుకి తిరిగింది. ఈ వేషం అతనికి ఎవరు కట్టారు? సరదాగా ఉందామని కింద నిలబడి పనిచేసేవాళ్ళకి ఎవరైనా చెప్పారా? పైవాళ్ళు నిక్కర్లలో తిరిగే సరదా కోసం కిందివాళ్ళు గుండీలు లెక్కపెట్టుకుంటూ నిలబడాలా? ఇంటికొచ్చి బీరువాలోంచి నీలం చొక్కా తీశాడు. బావ బల్ల మీది సామాను పక్కకి జరిపాడు.

మర్నాడు పొద్దున గోదాముకి తీసుకెళ్ళాల్సిన ఫోన్ల కోసం ముందు ఆఫీసుకి వెళ్ళాడు. టీమ్ లీడర్ ఎదురుపడ్డాడు. నీలం చొక్కాని చూడగానే మొహం మాడింది.

"మళ్ళీ మొదలెట్టావా? ఇంతకీ ఉంటున్నావా, పోతున్నావా?"

ఆఫీసంతా తలెత్తింది. మనవాడికి ఎప్పుడూ లేనిది మాట తడబడలేదు.

"మొదట్లో మీరు ఇష్టమొచ్చింది వేసుకోమన్నారు. నాకిష్టమైంది వేసుకున్నాను. వెళ్ళిపోతున్నానని నా పని తీసి ఇంకొకరికిచ్చారు. తర్వాత మీకిష్టమైంది వేసుకున్నాను, నమ్మకం కుదిరిందన్నారు. ఇంతలో నాలో ఏం మారిందండీ? నా పని మారిందా, బుద్ధి మారిందా?"

"ఒక చొక్కా గురించి ఇంత కోపమా?"

"చొక్కా గురించి కోపం నాకు రాలేదు, మీకొచ్చింది. నేను చేరిన రోజు నుంచీ ఎవరైనా నా పని గురించి ఒక్క మాట అడిగారా? బూట్లు చూశారు, బెల్టు చూశారు, నా పన్ను నొప్పి కూడా అబద్ధమనుకున్నారు. నిన్న మీరు చెప్పిన వేషంలోనే గోదాముకి వెళ్ళాను. అక్కడ ఒక పెద్దావిడ నన్ను అడగాల్సింది అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఇంకోసారి ఆవిడ ముందు అలా నిలబడను. ఉద్యోగం ఉంచుతారో తీస్తారో మీ ఇష్టం."

పక్క సీటువాడు కంప్యూటర్ వెనక్కి తల దించుకున్నాడు. టీమ్ లీడర్ చుట్టూ చూసి, "సరే, సాయంత్రం మాట్లాడదాం" అన్నాడు. ఆ సాయంత్రం ఏం మాట్లాడతాడో మనవాడికి తెలియదు. ఫోన్ల సంచి భుజాన వేసుకుని బయల్దేరాడు. బస్సులో నిలబడే వెళ్ళాడు. కిటికీలోంచి వచ్చే దుమ్ముకి తెల్లబడ్డ బూటుని జేబురుమాలుతో తుడుచుకున్నాడు.

గోదాములో అప్పుడే పని మొదలైంది. బల్లల దగ్గరికి నడిచి వెళ్ళి, పెద్దావిడ ముందు ఆగాడు. ఫోన్ల సంచి భుజం మీంచి దించాడు. ఆవిడ అతన్ని కాలరు నుంచి బూట్ల దాకా ఒకసారి చూసింది. పక్కనున్న స్టూలు మీది అట్టపెట్టె తీసి కింద పెట్టింది.

"కూర్చో నాయనా" అంది. "నిన్న నువ్వు చెప్పింది మేమెవరం వినలేదు. మొదట్నుంచి చెప్పు."